పాత జిప్సీ హెడ్‌లైట్లు: ఏది మార్చాలి, ఏది వద్దు, ఫోకస్ ఎలా పెట్టాలి

సంత ముగించుకుని ఇళ్ళకు నడిచిపోతున్న నలుగురు ఆడవాళ్ళు నా బండి లైట్లో కనబడేసరికి వాళ్ళకూ నాకూ మధ్య ముప్పై అడుగులు కూడా లేవు. అనంతగిరి ఘాట్, రాత్రి ఎనిమిది దాటింది, సన్నగా వాన. బండి ఇరవై వేగంలో ఉంది కాబట్టి ఆగింది. ముదురు రంగు చీరలు, తల మీద గోనెసంచులు, రోడ్డు అంచున తెల్లగీత కూడా లేదు. వాళ్ళు పక్కకు జరిగి వెళ్ళిపోయారు. నేను మాత్రం శృంగవరపుకోట చేరేదాకా ఆ లైట్ల గురించే ఆలోచించాను.

నాది 1998 జిప్సీ, 1.3 లీటర్ ఇంజన్‌ది. ముందు రెండు గుండ్రటి ఏడంగుళాల లైట్లు, లోపల హెచ్4 బల్బు, అంటే దగ్గరి వెలుగు (లో బీమ్), దూరపు వెలుగు (హై బీమ్) రెండూ ఒకే బల్బులో ఉండే రకం. మహీంద్రా 540, మేజర్, మొదటి తరం థార్, ఇలా చాలా జీపులకు ఇదే ఏడంగుళాల కొలత. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా వాటికీ పనికొస్తుంది. లైట్లు చాలట్లేదని ఎవరితో అన్నా మూడు సలహాలు వస్తాయి: నూరు వాట్ల బల్బు వేయించు, ఎల్ఈడీ బల్బు పెట్టించు, పైన బార్ లైటు బిగించు. నేను మొదటిది చేశాను. నెల తిరక్కుండా ఎడమ లైటు వెనక ప్లాస్టిక్ హోల్డర్ కరిగి బల్బు పిన్నులకు అతుక్కుపోయింది, ఆ పక్క రిఫ్లెక్టర్ మీద గోధుమరంగు మరక తేలింది. ఆ తర్వాతే మీటర్ పట్టుకుని కూర్చుని అసలు లోపం ఎక్కడుందో వెతికాను.

ఏం కొనాలో తేల్చుకునే ముందు మీరూ అదే చేయండి. నూటయాభై, రెండువందల రూపాయల డిజిటల్ మీటర్ చాలు. ఇంజన్ నడుస్తుండగా, లో బీమ్ వెలుగుతుండగా బ్యాటరీ దగ్గర వోల్టేజీ చూడండి. తర్వాత బల్బు హోల్డర్ వెనక లో బీమ్ పిన్నుకూ ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారి) పిన్నుకూ మధ్య చూడండి. నా బండిలో బ్యాటరీ దగ్గర 13.9, బల్బు దగ్గర 11.8 వచ్చింది. రెండు వోల్టులు దారిలోనే పోయాయి. రెండు వోల్టులంటే పెద్ద లెక్కేముందని అనిపిస్తుంది. కానీ ఫిలమెంటు బల్బుకు వోల్టేజీ కొంచెం తగ్గినా వెలుగు బాగా తగ్గుతుంది. పది శాతం వోల్టేజీ పడితే దాదాపు ముప్పై శాతం వెలుగు పోతుంది. హెచ్4 బల్బుకు 13.2 వోల్టుల దగ్గర లో బీమ్‌లో 1000 ల్యూమెన్లు (వెలుగు కొలత), హై బీమ్‌లో 1650 ల్యూమెన్లు అని లెక్క. 11.8 వోల్టుల దగ్గర అందులో మూడింట రెండు వంతులే వస్తుంది. ఇన్నేళ్ళూ నేను ఆ వెలుగుతోనే ఘాట్లు ఎక్కి దిగుతున్నానన్నమాట.

ఎక్కడ పోతుంది ఆ వోల్టేజీ? పాత బండ్లలో లైటు కరెంటు మొత్తం ఫ్యూజు పెట్టె మీదుగా స్టీరింగ్ దగ్గరి స్విచ్చులోకి, అక్కణ్ణుంచి డిప్పర్‌లోకి (లో, హై మార్చే స్విచ్చు), మళ్ళీ ముందుకు లైట్ల దగ్గరికి సన్నటి వైర్లలో తిరిగొస్తుంది. ప్రతి జాయింటు దగ్గరా పాతికేళ్ళ చిలుము. ఇంకోటి ఎర్త్. మీటర్ ఒక కొనను బల్బు ఎర్త్ పిన్నుకీ, రెండో కొనను బ్యాటరీ నెగటివ్‌కీ పెట్టి లైటు వేయండి. 0.2 వోల్టు కన్నా ఎక్కువ చూపిస్తే ఎర్త్ పాడైనట్టే. నాకు 0.7 చూపించింది. గ్రిల్ వెనక ఎర్త్ వైరు బాడీకి బిగించిన చోట స్క్రూ కింద తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది. వేలితో నొక్కితే రాలింది. అక్కడ ఇసుక కాగితంతో మెరిసేదాకా రుద్ది, వైరు కొనకు కొత్త లగ్గు (బిగించే లోహపు ముక్క) వేసి, పైన గ్రీజు రాశాను. పది నిమిషాల పని. అప్పుడే ఆ లైటు పసుపు తగ్గి తెలుపు తేలింది.

ఇప్పుడు ఎంపికల సంగతి.

రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) వైరింగ్, మామూలు 60/55 వాట్ల (హై బీమ్‌కు 60, లో బీమ్‌కు 55) హెచ్4 బల్బు: నా మాటగా అయితే రాత్రిపూట తారురోడ్డు, ఘాట్ రోడ్డు ఎక్కువ నడిపే పాత జీపుకు మొదట చేయాల్సింది ఇదే, చాలామందికి ఇంకేదీ అవసరం పడదు. బ్యాటరీ నుంచి నేరుగా లావుపాటి వైరు (2.5 చదరపు మిల్లీమీటర్లది) ఫ్యూజు ద్వారా రిలేకు వస్తుంది, రిలే నుంచి బల్బుకు పోతుంది. పాత స్విచ్చు వైరు రిలేను కదిలించడానికి మాత్రమే. రిలే కింద నంబర్లుంటాయి: 30కి బ్యాటరీ, 87కి బల్బు, 85, 86కి పాత స్విచ్చు వైరు, ఎర్త్. లో బీమ్‌కు ఒకటి, హై బీమ్‌కు ఒకటి, మొత్తం రెండు రిలేలు. ఫ్యూజును బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టించండి. దూరంగా పెడితే ఆ మధ్య వైరు ఒరుసుకుని షార్ట్ అయినప్పుడు కాపాడేవాడు ఉండడు. జపాన్ డిజైన్ బండ్లలో కొన్నింటికి స్విచ్చు పాజిటివ్‌ను కాక ఎర్త్‌ను తెంచుతుంది. అంటే లైటు ఆపినా బల్బు పిన్నులో 12 వోల్టులు కనిపిస్తాయి. రిలే కలిపే ముందు ఎలక్ట్రీషియన్‌తో ఇది చూపించుకోండి. తిరగేసి కలిపితే రిలే ఎప్పుడూ పట్టుకునే ఉంటుంది, లేదా అసలు పట్టదు.

ఈ పని చేశాక నా బల్బు దగ్గర 13.4 వోల్టులు వచ్చింది. అదే వాటేజీ, అదే కొలత బల్బు, వెలుగు ఒకటిన్నర రెట్లయింది. రిఫ్లెక్టర్లు కూడా కొత్తవి వేయించాను. పాతవి అద్దంలా కాక అల్యూమినియం గిన్నెలా మసకబారాయి, రిఫ్లెక్టర్ అలా మసకబారితే ఏ బల్బు వేసినా దండగే. వైర్లు, రిలేలు, పింగాణీ హోల్డర్లు, రెండు రిఫ్లెక్టర్లు, బల్బులు, కూలి అన్నీ కలిపి మూడు వేలలోపే అయింది. బల్బు గాజును మాత్రం వేలితో ముట్టకండి. చేతి జిడ్డు అంటిన చోట వేడెక్కి గాజు త్వరగా పాడవుతుంది.

ఈ దారిలో ఇంకో సుఖం ఉంది. చింతపల్లి సెంటర్లోనో పాడేరులోనో రాత్రి బల్బు పోతే, ఏ స్పేర్ పార్టుల కొట్టులోనైనా హెచ్4 దొరుకుతుంది. దారిలో ఆగి టార్చి వెలుగులో మార్చుకోవచ్చు. కొండల్లో తిరిగేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

100/90 వాట్ల బల్బు: ఇదివరకు చెప్పాను, హోల్డర్ కరిగింది. రెండు లైట్లూ హై బీమ్‌లో కలిపి 200 వాట్లు, అంటే దాదాపు 15 ఆంపియర్లు, పాత స్విచ్చు గుండా. రిలే, పింగాణీ హోల్డర్ ఉంటే స్విచ్చు బతుకుతుంది కానీ రిఫ్లెక్టర్ బతకదు. పైగా లో బీమ్‌లో ఎదుటివాళ్ళ కళ్ళలోకి పోయే చెదురు వెలుగు కూడా అంతే పెరుగుతుంది. వద్దు.

హాలోజన్ రిఫ్లెక్టర్లో ఎల్ఈడీ బల్బు: అందరూ అడిగేది దీని గురించే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. హెచ్4 బల్బును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. లోపల రెండు ఫిలమెంట్లుంటాయి. ముందువైపున్న లో బీమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొన్నె ఉంటుంది. ఆ దొన్నె కిందికి పోయే వెలుగును ఆపేస్తుంది, అందువల్ల రిఫ్లెక్టర్ పైసగం మాత్రమే వెలుగును పట్టి రోడ్డు మీదికి కొడుతుంది. గోడ మీద లైటు వేస్తే పైన చీకటి, కింద వెలుగు, మధ్య గీత గీసినట్టు కనిపించడానికి కారణం ఆ గోరంత దొన్నె. ఫిలమెంటు మిల్లీమీటరు అటూ ఇటూ జరిగినా ఆ గీత చెదిరిపోతుంది. ఎల్ఈడీ బల్బులో ఫిలమెంటు బదులు పలక మీద రెండువైపులా చిప్పులుంటాయి. వెలుగు పుట్టే చోటు, ఆకారం రెండూ మారిపోయాయి కాబట్టి రిఫ్లెక్టర్‌కు అది ఎక్కడికి పంపాలో తెలియదు. బండికి ముందు పది మీటర్లు తెల్లగా మెరిసిపోతుంది, డ్రైవర్ ‘ఆహా’ అనుకుంటాడు. దగ్గర నేల అంత మెరిస్తే కంటిపాప ముడుచుకుని దూరం ఇంకా చీకటిగా కనిపిస్తుంది. గీత దాటి పైకి పోయిన వెలుగు ఎదురు బస్సు డ్రైవర్ కళ్ళలో పడుతుంది. ఒక్క లైన్ వెడల్పున్న ఘాట్ మలుపులో ఎదుటివాడికి కళ్ళు బైర్లు కమ్మితే వాడు జరిగేది మన మీదికే.

ఏడంగుళాల పూర్తి ఎల్ఈడీ లైటు: బల్బు కాదు, అద్దం, లెన్సు, చిప్పు అన్నీ కలిపి ఒకే యూనిట్‌గా తయారైనది. దీని లెన్సు ఆ చిప్పుల కోసమే చేశారు కాబట్టి మంచిదైతే గీత కత్తిలా వస్తుంది, వెలుగు వెడల్పుగా పరుచుకుంటుంది, కరెంటు సగమే తాగుతుంది. ఆల్టర్నేటర్ బలహీనంగా ఉండి ఐడిల్‌లో లైట్లు మినుకుమినుకుమనే బండికి ఇది నిజంగా మేలు. డబ్బుంటే, మంచిది దొరికితే, నేను దీన్ని కాదనను. కానీ ఒక్కటి చూడకుండా కొనొద్దు.

మార్కెట్లో దొరికే ఏడంగుళాల ఎల్ఈడీలలో చాలా భాగం అమెరికా జీపుల కోసం తయారైనవి. అక్కడ కుడివైపు నడుపుతారు. లో బీమ్ గీత రోడ్డు అంచు వైపు కాస్త పైకి లేస్తుంది, నడిచిపోయే మనుషులు కనబడటానికి. అమెరికా లైటులో ఆ లేచే వైపు కుడి. మనకు కుడివైపే ఎదురు బండ్లు. ఎంత ఖరీదైనదైనా అలాంటి లైటు మన రోడ్డు మీద ఎదుటివాడి కళ్ళలోకే చూస్తుంది, ఎడమ అంచున నడిచే సంత జనాన్ని చీకట్లో వదిలేస్తుంది. గుర్తుపట్టడం తేలిక: యూరప్ ప్రమాణం లైట్ల అద్దం మీద వృత్తంలో ‘ఈ’ అక్షరం, పక్కన ఒక అంకె ఉంటాయి. అదే అద్దం మీద బాణం గుర్తు వెతకండి. లైటుకు ఎదురుగా నిలబడి చూస్తే బాణం మన కుడికి చూపిస్తుంటే అది ఎడమవైపు నడిపే దేశాలకు, అంటే మనకు. రెండువైపులా బాణం ఉంటే రెంటికీ మార్చుకోవచ్చు. బాణం లేకపోతే కుడివైపు నడిపే దేశాలది. కొట్టులోనే బ్యాటరీకి కలిపి గోడ మీద వేయించి చూడండి, గీత ఎడమకు లేస్తోందా అని. చూపించనంటే వేరే కొట్టుకు వెళ్ళండి.

ఇంకో రెండు మాటలు. ఎల్ఈడీ అద్దం వేడెక్కదు, కాబట్టి బురద చిమ్మితే ఎండి రాలదు, అలాగే అంటుకుంటుంది. గుడ్డ దగ్గర పెట్టుకోవాలి. రంగు 4300 నుంచి 5000 కెల్విన్ (వెలుగు రంగు కొలత) మధ్య ఉన్నది తీసుకోండి. 6500 దాటిన నీలి తెలుపు తడి తారు మీద కంటిని త్వరగా అలసిపోయేలా చేస్తుంది.

హెచ్ఐడీ (ఫిలమెంటు లేని జెనాన్ బల్బు) కిట్ల గురించి ఎక్కువ చెప్పను. హాలోజన్ రిఫ్లెక్టర్లో ఎల్ఈడీ బల్బు పెడితే వచ్చే చెరుపే, ఇంకా ఎక్కువగా.

అదనపు లైట్లు, బార్ లైటు: లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున మంచులో నడిపినవాళ్ళకు తెలుసు, హై బీమ్ వేస్తే ముందు తెల్లటి తెర దిగినట్టుంటుంది. పైకప్పు మీది బార్ లైటు ఆ తెరను ఇంకా దగ్గరికి తెస్తుంది, బానెట్ మీద పడి కళ్ళలోకి తిరిగొస్తుంది. ఎర్రమట్టి దారిలో ముందు బండి లేపిన దుమ్ములోనూ అంతే. ఘాట్లో మలుపు తిరుగుతుంటే లైటు తిన్నగా లోయలోకి పోతుంది, రోడ్డేమో పక్కకు తిరుగుతుంది. అక్కడ దూరం కన్నా వెడల్పు కావాలి. బంపర్ మీద కిందగా, వెడల్పుగా, పైన గీత తెగినట్టుండే ఫాగ్ లైట్లు రెండు పెట్టించుకుంటే మంచులోనూ మలుపులోనూ పనికొస్తాయి. పసుపు వెలుగు మంచును చీల్చుకుపోతుందనే మాట నిజం కాదు. మంచు బిందువులు వెలుగు తరంగాల కన్నా చాలా పెద్దవి, అన్ని రంగులనూ ఒకేలా చెదరగొడతాయి. పసుపు కంటికి హాయిగా ఉంటుంది, అంతవరకే. అదీ తక్కువేం కాదు. దూరం కొట్టే డ్రైవింగ్ లైట్లు, బార్లు రోడ్డు లేని చోటికి మాత్రమే. రోడ్డెక్కగానే వాటి మీద తొడుగు ఉండాలి, స్విచ్చు వేరుగా ఉండాలి. మోటారు వాహనాల చట్టం 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు ఒక్కోదానికి అయిదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడవచ్చు.

ఇక ఫోకస్. పైన చెప్పిన వాటిలో మీరు ఏది ఎంచుకున్నా ఫోకస్ పెట్టకపోతే పెట్టిన డబ్బంతా వృథా.

చదునైన నేల, ఎదురుగా నిలువు గోడ కావాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్ బాగుంటుంది, నేల చదును, చీకటి కూడా. ఇంటి దగ్గరైతే మేస్త్రీల నీళ్ళ ట్యూబుతో బండి నిలబడే చోటూ గోడ మొదలూ ఒకే మట్టమో కాదో చూసుకోండి. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, డ్రైవర్ సీట్లో మీ అంత బరువున్న మనిషి కూర్చోవాలి, మామూలుగా మోసే సామాను బండిలో ఉండాలి. బండిని గోడకు దగ్గరగా తెచ్చి, ఒక్కో లైటు మధ్య బిందువు గోడ మీద ఎక్కడ పడుతుందో సుద్దతో గుర్తుపెట్టి, ఆ గుర్తుల మీదుగా నిలువు గీతలు, అడ్డంగా ఒక గీత గీయండి. తర్వాత తిన్నగా 7.5 మీటర్లు వెనక్కి తీయండి.

నా బండిలో లైటు మధ్య ఎత్తు 84 సెంటీమీటర్లు. లో బీమ్ దూరంలో ఒక శాతం కిందికి దిగాలి, ఎత్తైన బండికి ఒకటిన్నర శాతం. 7.5 మీటర్ల దగ్గర ఒక శాతం అంటే 7.5 సెంటీమీటర్లు. కాబట్టి వెలుగు పై గీత అడ్డ గీతకు 7.5 సెంటీమీటర్ల కింద పడాలి. ఒకటిన్నర శాతమైతే 11 సెంటీమీటర్ల పైచిలుకు. ఒక శాతంతో నా వెలుగు 84 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది, ఒకటిన్నరతో 56 మీటర్ల దగ్గర. పొడి రోడ్డు మీద అరవై వేగంలో చూసి, తొక్కి, ఆగడానికి యాభై మీటర్ల దాకా పడుతుంది. వానలో ఇంకా ఎక్కువ, వేగం తగ్గించాల్సిందే.

లైటు చుట్టూ రెండు రకాల స్క్రూలుంటాయి. రింగును పట్టి ఉంచే చిన్నవి ముట్టకండి, విప్పితే లైటు చేతిలోకి వస్తుంది. పొడవైనవి రెండు ఫోకస్ కోసం: ఒకటి ఎత్తు దించడానికి, పక్కది ఎడమా కుడీ తిప్పడానికి. పాత బండిలో అవి తుప్పు పట్టి ఉంటాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచండి, లేకపోతే వెనకనున్న ప్లాస్టిక్ నట్టు విరుగుతుంది. ఒక లైటు ముందు అట్ట నిలబెట్టి రెండోది సరిచేయండి. చదును గీత ఎడమకు ఎక్కడ మొదలై లేస్తుందో ఆ మలుపు, లైటు నిలువు గీత మీదికి రావాలి. కుడి వైపు గీత ఎక్కడా పైకి పోకూడదు. హై బీమ్ అదే రిఫ్లెక్టర్లోది కాబట్టి దాని కాంతి మధ్య దానంతటదే అడ్డ గీత దగ్గరకు వస్తుంది. రాకపోతే బల్బు హోల్డర్లో వంకరగా కూర్చుందని అర్థం.

బరువు సంగతి మరిచిపోతాం. జిప్సీ చక్రాల మధ్య దూరం 2375 మిల్లీమీటర్లు. వెనక బెంచీల మీద నలుగురు కూర్చుని, డీజిల్ క్యాన్ల లాంటి బరువు ఇంకొంచెం పడి, వెనక కమాన్లు (స్ప్రింగు పట్టీలు) అయిదు సెంటీమీటర్లు దిగాయనుకోండి, బండి ముక్కు రెండు శాతం పైకి లేస్తుంది. ఒక శాతం దించిన లైటు ఒక శాతం పైకి చూస్తుంది. యాభై మీటర్ల దూరంలో ఆ వెలుగు నేల నుంచి దాదాపు 140 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. ఎదురుగా బైకు మీద వచ్చేవాడి కళ్ళ ఎత్తు సరిగ్గా అంతే. ముందు కమాన్లు మాత్రమే అయిదు సెంటీమీటర్లు లేపినా ఇదే తంతు. అందుకే మనుషుల్ని ఎక్కించుకుని తిరిగే బండికి ఆ బరువుతోనే ఫోకస్ పెట్టండి, ఖాళీగా నడిపినప్పుడు దూరం కొంచెం తగ్గితే తగ్గనివ్వండి.

నేను చివరికి స్థిరపడింది రిలేలు, 60/55 బల్బులు, కొత్త రిఫ్లెక్టర్లు, బంపర్ కింద రెండు ఫాగ్ లైట్లు. ఆ తర్వాత అదే ఘాట్లో ఎదురొచ్చిన ఆర్టీసీ బస్సు డ్రైవర్ డిప్పర్ కొట్టకుండా పక్క నుంచి దిగిపోయాడు. మా ప్రహరీ గోడ మీద ఆ సుద్ద గీతల మీద పెయింటు వేసి అలాగే ఉంచాను. టైర్లు మార్చినా, కమాన్లలో పట్టీ కలిపినా, బండిని మళ్ళీ అక్కడే నిలబెట్టి లైటు వేసి చూస్తాను.